రేసు గుర్రానికి పెళ్ళినడక

నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవటం వచ్చు, అంతే. అందుకని నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నాది బొంగురు గొంతు. గుర్రాల్ని అదిలించీ అదిలించీ అట్లా అయిపోయింది. "మెల్లగా చెప్పు అత్తమ్మా, పక్కనే ఉన్నాగా, ఏటికి అవతల లేను" అంటోంది. ఆ ముక్క కూడా రాయమన్నాను.

నా పని ఏంటో చెబితే చాలామంది నవ్వుతారు. హైదరాబాదు రేసుల్లో పరిగెత్తి కాలు నొప్పి చేసిన గుర్రాలు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లాగా మా తిరువూరు వస్తాయి. వాటిని మేపి, నడిపించి, కాలు కుదురుకున్నాక తిరిగి లారీ ఎక్కిస్తాను. "మీ కొట్టంలో రేసు గుర్రాలా?" అని బస్టాండులో టీ కొట్టాయన ఇప్పటికీ నమ్మడు. నమ్మకపోతే పోయె, పొద్దున్నే ఏటికి పోయేటప్పుడు ఆయన కొట్టు ముందునుంచే తీసుకెళ్తాను. అసలు ఈ పని నాకెట్లా వచ్చిందో, మొదటి గుర్రంతోనే ఎట్లా పోబోయిందో చెబుతాను.

మా మామగారిది జట్కా బండి. మా ఆయన కూడా కొన్నాళ్ళు తోలాడు. ఆటోలొచ్చి జట్కా ఎక్కేవాళ్ళు లేకపోయేసరికి బండి అమ్మేసి, గుర్రాన్ని పెళ్ళి ఊరేగింపులకి తిప్పటం మొదలెట్టాడు. తర్వాత ఒక తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చి, పిల్లప్పటినుంచీ దానికి నడక నేర్పాడు. ఇటు వినగడప, అటు విస్సన్నపేట దాకా ఎవరింట్లో పెళ్ళయినా ఆ తెల్లదే కావాలనేవాళ్ళు. డప్పు మోగితే అడుగులెయ్యాలి, డప్పు ఆగితే రాయిలాగా నిలబడిపోవాలి, అదీ దాని చదువు. "ఆడటం ఏ గుర్రమైనా ఆడుద్ది. ఆగటం నేర్పాలి. పైనున్నోడు ఆ పూట పెళ్ళికొడుకు, పడ్డాడంటే జన్మంతా చెప్పుకుంటారు" అనేవాడు.

ఇంకో విద్య కూడా ఉంది దానికి. నడుస్తూ నడుస్తూ ముందు ఎడమ కాలు ఎత్తి, కాసేపు గాల్లో అట్లాగే పట్టుకునేది. అది ఫోటో తీసేవాడి కోసం. మా ఆయనకి ఫోటోలంటే పిచ్చి. "ఫోటో బాగా రాకపోతే గుర్రం ఎందుకు, సైకిలెక్కి రావచ్చుగా పెళ్ళికొడుకు" అని ఫోటోవాళ్ళతో పోట్లాట పెట్టుకునేవాడు. వాళ్ళు సరేనని తల ఊపేదాకా గుర్రం కాలు దించేది కాదు, ఈయన సైగ చేసిన వేలు దించేవాడు కాదు.

ఆయన జ్వరమొచ్చి పోయాడు. నాకు గుర్రం మిగిలింది, గుర్రానికి నేను మిగిలాను. ఊరేగింపులకి నేనే కళ్ళెం పట్టుకుని నడిచాను. మొదట్లో ఆడమనిషి గుర్రం పట్టటమేంటన్నారు, తర్వాత అలవాటు పడ్డారు. కానీ పెళ్ళికొడుకులే మారిపోయారు. కారు పైకప్పు తెరిచి అందులోంచి తల బయటపెట్టేవాడొకడు, బుల్లెట్టు బండి మీద వచ్చేవాడొకడు. పెనుగొలనులో ఒకబ్బాయయితే జేసీబీ తొట్లో నిలబడి వచ్చాడు. ఆ రోజు మా తెల్లది, అప్పటికే ముసల్ది, దారి పక్కన నిలబడి ఆ జేసీబీని చూసిన చూపు నేను మర్చిపోలేను. ఇంక మన పని అయిపోయిందే అనుకున్నాను.

నా తమ్ముడు హైదరాబాదులో రేసు గుర్రాల దగ్గర సైసు. అంటే గుర్రాన్ని కడిగి, మేపి, తిప్పేవాడు. ఒకరోజు ఫోను చేశాడు. ఆపా అంటే మా ఇళ్ళల్లో అక్క.

"ఆపా, మా ట్రైనరు సారు గుర్రమొకదానికి కుడి ముందు కాలు నరం వాచింది. కొన్ని నెలలు పరుగు మానిపించాలన్నాడు డాక్టరు. నీ దగ్గర ఉంచమని చెప్పాను."

"నన్నడక్కుండా చెప్పటమేంట్రా? నాకు పెళ్ళి గుర్రం తప్ప ఏం తెలుసు?"

"పరిగెత్తించే పని లేదు. నడిపించాలి. తిరువూరులో నడక నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

"మస్కా కొట్టకు."

"మస్కా కాదాపా. ఇట్లా కాలు పట్టేసినవి సారు దగ్గర ఎప్పుడూ ఉంటయ్యి. దీన్ని బాగా చేసి పంపావనుకో, అన్నీ నీ దగ్గరికే. చెడిందనుకో, ఇంకోటి రాదు, నేను కూడా ఆయన ముందు నిలబడలేను. జాగ్రత్త."

అట్లా మాట్లాడి భయపెట్టాక గుర్రాన్ని పంపాడు.

లారీ దిగింది ఒక జేగురు రంగు మగగుర్రం. ఏం పొడుగు, ఏం మెరుపు! దాని పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది, నాకు నోరు తిరగలేదు. దిగుతూనే మా కొట్టాన్ని పైనుంచి కిందికి చూసి ముక్కుతో బుస్సుమంది. ఉలవలు పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. దాని దాణా దానికి సంచీల్లో వచ్చింది, దాని బకెట్టు దానికి వచ్చింది, దుప్పటి కూడా వచ్చింది. రాత్రిపూట కప్పాలట. కింద వేసిన గడ్డి మెత్తగా లేదని నిలబడే ఉంది. మా కోడలు చూసి, "అత్తమ్మా, మనింటికి కొత్తల్లుడొచ్చాడు" అంది. అంతే, పేరు ఖాయం. ఊళ్ళో అందరూ అల్లుడనే అన్నారు. "అల్లుడు ఏం తిన్నాడు? అల్లుడు పడుకున్నాడా?" అని పొద్దున్నే పాలు పోసే ఆవిడ కూడా అడిగేది.

అల్లుడి తిక్క కుదిర్చింది మా ముసల్ది. వాడు దాని తొట్లో మూతి పెట్టబోతే మెడ మీద ఒక్క కొరుకు కొరికింది. దాంతో ఇంట్లో పెద్దెవరో తెలిసింది వాడికి. తర్వాత దాని పక్కన కట్టేస్తే తప్ప గడ్డి ముట్టేవాడు కాదు. వాడి సంచీ దాణా ముసల్ది తినేది, ముసల్దాని ఉలవలు వాడు తినేవాడు.

పొద్దున్నే ఇద్దర్నీ కట్టలేటికి తోలుకెళ్ళేదాన్ని. ఇసకలో నిదానంగా నడిపించి, చీలమండ మునిగేటంత నీళ్ళలో నిలబెట్టేదాన్ని. చల్లని నీళ్ళకి వాపు లాగుద్ది. ఇంటికొచ్చాక అరచెయ్యి ఆ కాలి మీద పెట్టి చూసుకోవటం. వేడిగా ఉంటే ఆ పూట నడక లేదు. సాయంత్రం దొడ్లో గొరపంతో ఒళ్ళంతా గోకి, కాసేపు అటూ ఇటూ తిప్పటం. తమ్ముడు చెప్పింది చెప్పినట్టు చేశాను. తమ్ముడు చెప్పనిదొకటి జరిగింది.

మా కొట్టం గోడ అవతలే బ్యాండు మేస్త్రీ ఇల్లు. మా ఆయనా ఆయనా కలిసే పెళ్ళిళ్ళకి తిరిగారు. పెళ్ళిళ్ళ కాలం వచ్చేముందు ఆయన బ్యాండు కుర్రాళ్ళందర్నీ పోగేసి సాయంత్రాలు వాయింపిస్తాడు. మొదటిరోజు డప్పు పడగానే అల్లుడు ముందు కాళ్ళు రెండూ లేపి, పలుపు తెంపుకుని దొడ్డంతా తిరిగాడు. ఒళ్ళంతా చెమట. వాడికి చప్పుడంటే ప్రాణభయం అని తమ్ముడు ముందే చెప్పాడు. రేసు రోజున జనాన్ని చూసి చెమటలు కక్కేవాడట. గుర్రాలన్నీ బయల్దేరే గేటులో నిలబెడితే తన్నుకునేవాడట. పరుగు మొదలయ్యేలోపే సగం సత్తువ అక్కడే పోగొట్టుకునేవాడట.

ముసల్ది మాత్రం ఎంచక్కా అడుగులేస్తోంది. ఎన్నాళ్ళ తర్వాతో డప్పు వినపడిందని దాని సంబరం. అల్లుడు మూల నిలబడి దాన్నే చూశాడు. రోజూ చూశాడు. మెల్లమెల్లగా చెమట తగ్గింది. తర్వాత వణుకు పోయింది. ఒక సాయంత్రం నేను తవుడు కలుపుతుంటే గోడ మీంచి మేస్త్రీ అరిచాడు.

"అక్కా! అక్కా! నీ అల్లుణ్ణి చూడు!"

తిరిగి చూశాను. ముసల్దాని పక్కన నిలబడి, అది ఎత్తినట్టే ఎడమ కాలెత్తి, గాల్లో పట్టుకుని ఉన్నాడు.

"తాళం కూడా తప్పట్లేదక్కా. మా క్లారినెట్టు వాడికంటే నయం" అన్నాడు మేస్త్రీ. క్లారినెట్టు వాయించే అతను, "అయితే పెళ్ళికి దాన్నే తీసుకెళ్ళు, దానికే టిఫిను పెట్టించు" అని అలిగాడు. నవ్వి నవ్వి నా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. మా కోడలు వీడియో తీసి వాట్సాపులో పెట్టింది. నేను తియ్యమనలేదని రాయమంటే ఇప్పుడు రాయనంటోంది. సరే, నేనే తియ్యమన్నాను.

పొద్దున తమ్ముడి ఫోను.

"ముందా వీడియో తీసెయ్యమను! రేసు గుర్రానికి పెళ్ళినడక నేర్పావా ఆపా?"

"నేనెక్కడ నేర్పానురా, చూసి నేర్చుకున్నాడు. సంతోషంగా ఉన్నాడు, అన్నం బాగా తింటున్నాడు."

"సంతోషం సంగతి తర్వాత. ఎడమ కాలెత్తితే బరువంతా ఎక్కడ పడుద్ది?"

నేను గుమ్మంలోంచి వాడి కాళ్ళ వైపు చూశాను.

"కుడి కాలి మీద పడుద్ది. ఏ కాలు బాగు చెయ్యమని పంపానో ఆ కాలి మీద!"

పొయ్యి మీద టీ పొంగిపోయినా దించలేదు. పరిగెత్తుకెళ్ళి అరచెయ్యి వాడి కాలి మీద పెట్టాను. చల్లగానే ఉంది. వాడు నా చెయ్యి చూసి, అదేదో కొత్త ఆట అనుకుని ఎడమ కాలెత్తాడు. "దించరా నాయనా, దించు" అని బతిమాలాను. ఫోటోవాడి కోసం ఆగినట్టు ఆగి, తీరిగ్గా దించాడు.

అప్పట్నుంచీ మాన్పించటానికి నేను పడని పాట్లు లేవు. మేస్త్రీని అడిగితే పాపం ఆయన వాయింపు తోటల వైపు మార్చుకున్నాడు. "అల్లుడి కోసం అత్తగారి బజారే ఖాళీ చేయించావక్కా" అన్నాడు. డప్పు లేకపోతే ఏం, షేరు ఆటోలో పాట వినపడితే చాలు, కాలు లేచేది. ఎదురింట్లో రోలు దంచితే లేచేది. ముసల్దాన్ని వేరేచోట కట్టేసి చూశాను. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు సకిలిస్తూ పూట పూటంతా పస్తులున్నారు. మళ్ళీ తెచ్చి కలిపాను. రోజూ కాలు పట్టుకుని చూసుకోవటం, వేడి లేదు కదా అని ఊపిరి పీల్చుకోవటం. ఒక్కరోజు వెచ్చగా తగిలినా నా పని అయిపోయినట్టే.

చివరికి సారు పంపిన డాక్టరు వచ్చాడు. ఏదో పెట్టె తెచ్చి, కాలి మీద జిగురు పూసి, తెర మీద నరం చూశాడు. నేను ఆయన మొహం చూశాను. "బాగా అతుక్కుందమ్మా. మెల్లగా పరుగు మొదలెట్టొచ్చు" అన్నాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఆటో పోయింది. అల్లుడు కాలెత్తాడు. డాక్టరు కాసేపు చూసి, "దీనికి కుడి కాలి మీద బాగా నమ్మకం కుదిరిందే" అని నవ్వి వెళ్ళిపోయాడు.

కాలు బాగయింది, నడక మిగిలింది. "సారుకి చెప్పరా" అన్నాను తమ్ముడితో. "ఇక్కడికొస్తే మర్చిపోతాడులే, చెప్పి మన కొంప మనం ముంచుకోవటం దేనికి" అన్నాడు. అల్లుడు లారీ ఎక్కాడు. ముసల్ది ఆ రోజంతా గడ్డి ముట్టలేదు.

కొన్నాళ్ళకి తమ్ముడు మళ్ళీ ఫోను. "ఆపా, రేసులో దింపుతున్నారు. నువ్వొకసారి రా."

"నేనెందుకు?"

"ఇక్కడ రోజూ బాగానే పరిగెత్తుతున్నాడు. కానీ ఆ రోజు ఏదో కప్పు ఉందంట. బ్యాండు పెడుతున్నారు."

బెల్లం ముక్క కొంగున కట్టుకుని బస్సెక్కాను. పక్కసీటాయన ఎక్కడికమ్మా అనడిగితే గుర్రప్పందేలకి అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, దగ్గరికి జరిగి, "ఏది గెలుస్తుందో కాస్త చెప్పండి" అన్నాడు. "నాకు కాలు వరకే తెలుసండి, గెలుపు తెలీదు" అన్నాను. నేనేదో దాస్తున్నానని దారి పొడుగునా అలిగి కూర్చున్నాడు.

రేసుకోర్సులో, రేసు ముందు గుర్రాల్ని జనానికి చూపిస్తూ గుండ్రంగా తిప్పే చోటుంది. నేను కటకటాల దగ్గర నిలబడ్డాను. అటూ ఇటూ నల్లద్దాల ఆడవాళ్ళు, టోపీల మగవాళ్ళు. తమ్ముడు అల్లుణ్ణి పట్టుకొచ్చాడు. వాడు నన్ను చూసి చెవులు నిక్కించాడు. నేను తల తిప్పుకున్నాను, పలకరిస్తే మళ్ళీ ఏం చేస్తాడో అని. అప్పుడు బ్యాండు మోగింది.

మా వాణ్ణి ఇంక ఎవరాపుతారు? మెడ వంచి, అడుగు మీద అడుగు వేస్తూ, ఆ పచ్చిక చుట్టూ పెనుగొలను ఊరేగింపులో తిరిగినట్టు తిరిగాడు. మిగతా గుర్రాలు చెమటలు కక్కుతున్నాయి. కెమెరాల వాళ్ళు ఎదురుకాగానే ఎడమ కాలెత్తి గాల్లో ఆపాడు. జనం ఈలలు వేశారు. తమ్ముడి మొహం సున్నం కొట్టినట్టుంది. నేను ఆ కాలు వంకే చూస్తున్నాను. మా ఆయన ఎన్నడూ హైదరాబాదు రాలేదు. ఆయన నేర్పిన అడుగు వచ్చింది. ఎంతసేపు పట్టుకోవాలో అంతసేపే పట్టుకుని దించాడు వాడు.

ట్రైనరు సారు గబగబా వచ్చాడు. "ఏయ్, ఏంటిది?"

తమ్ముడు నా వైపు చూపించాడు. తోడబుట్టినవాడు!

"నువ్వేనా అమ్మా తిరువూరు? ఏం చేశావు నా గుర్రాన్ని?"

"నేనేం చెయ్యలేదండి. మా ముసల్ది నేర్పిందండి."

"ముసలావిడ ఎవరు?"

"గుర్రమండి."

ఆయన అల్లుడి మెడ మీద చెయ్యి వేసి రాశాడు, చెయ్యి చూసుకున్నాడు. పొడిగా ఉంది. జాకీని ఎక్కించాడు.

గుర్రాలన్నిట్నీ గేటులో పెట్టారు. బ్యాండు ఆగిపోయింది. మేమున్న చోటికి దూరమే, కానీ పెద్ద తెర మీద చూపిస్తున్నారు. ఒకటి తల కొట్టుకుంటోంది, ఒకటి వెనక్కి తన్నుతోంది. మా అల్లుడు రాయి. కదల్లేదు, మెదల్లేదు. "చూశావా ఆపా, ఎట్లా నిలబడ్డాడో" అని తమ్ముడు నా చెయ్యి నొక్కాడు. ధడేలున గేటు తెరుచుకుంది. గుర్రాలన్నీ దూకాయి.

మా వాడు నిలబడే ఉన్నాడు.

డప్పు పడలేదుగా మరి! డప్పు పడకుండా కదలకూడదని కదా మా ఆయన చదువు. "పోరా! పోరా నాయనా!" అని నేను వేసిన కేకకి చుట్టూ ఉన్న నల్లద్దాలన్నీ నా వైపు తిరిగాయి. వాడికి వినపడే దూరం కాదు, అయినా ఆపుకోలేకపోయాను. జాకీ డొక్కల్లో పొడిచాడు. అప్పుడు వాడికి పక్కన ఎవరూ లేరని తెలిసొచ్చింది. దూకాడు చూడండి! ఏటి ఇసకలో చీలమండ తడుపుకుంటూ నడిచిన వాడేనా అనిపించింది. మలుపులో ఒకదాన్ని దాటాడు, ఇంకోదాన్ని దాటాడు. నేను మాత్రం కుడి కాలే చూస్తున్నాను. అది పడటం, లేవటం, పడటం, లేవటం. ఎక్కడా తడబడలేదు. అందరికంటే వెనక బయల్దేరి నాలుగోవాడుగా వచ్చాడు.

సారు వంగి కుడి కాలు తడిమి చూశాడు, నడిపించి చూశాడు. నేను కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. ఆయన మా దగ్గరికొచ్చాడు.

"కిందటేడు వీడు గేటులో నిలబడేవాడు కాదమ్మా. ఇవాళ నిలబడ్డాడు."

"అవునండి."

"మరీ నిలబడ్డాడు."

"అవునండి" అన్నాను.

ఆయన మొహంలో నవ్వు పెదాల మూల నుంచి మొదలైంది. "గేటులోంచి కదలటం నేను నేర్పుకుంటాను. కాలు గట్టిగా ఉంది. ఇంకొకటి ఉంది నా దగ్గర, జనాన్ని చూస్తే గోడలెక్కుద్ది. దానికీ మోకాలు పట్టేసింది. లారీ పంపుతాను, ఉంచుకుంటావా?"

"ఉంచుకుంటానండి."

"బ్యాండు వినిపించు. అదిరిపడకుండా నిలబడటం నేర్పు. ఆ కాలెత్తే పని మాత్రం వద్దు."

అప్పుడు అల్లుడికి బెల్లం పెట్టాను. తిని, ఇంకేం తెచ్చావన్నట్టు నా కొంగు లాగాడు. అత్తగారంటే అంతేగా.

మర్నాడు ఇంగ్లీషు పేపర్లో గెలిచిన గుర్రం ఫోటో చిన్నది, మా వాడు కాలెత్తిన ఫోటో పెద్దది వేశారు. తమ్ముడు ఆ ముక్క కత్తిరించి పంపాడు. మా ఆయన ఫోటో పక్కన మేకు కొట్టి పెట్టాను. ఫోటో బాగా వచ్చింది.

వాడు తర్వాత గేటులోంచి టైముకి కదలటం నేర్చుకున్నాడట, తమ్ముడు చెప్పాడు. ఆ గోడలెక్కేది వచ్చింది, వెళ్ళింది. దాని తర్వాత ఇంకొకటి. మేస్త్రీ తోటల వైపునుంచి మళ్ళీ గోడ పక్కకే వచ్చేశాడు, నేనే రమ్మన్నాను. ఇప్పుడు ముసల్ది కాక ముగ్గురున్నారు. సాయంత్రమైతే గోడ అవతల డప్పు, ఇవతల నలుగురూ వరసగా నిలబడి వింటుంటారు. సారు వద్దన్న సంగతి మా ముసల్దానికి చెప్పి చూశాను. అది ఎడమ కాలెత్తింది. పక్కన ముగ్గురూ ఎత్తారు.